గ్రాఫిక్స్ కార్డు మార్చుటయా, మానుటయా?

పాత కంప్యూటరు మందగించిన దినమున ఇంటివారును, ఇరుగుపొరుగువారును, మరమ్మతు దుకాణమువారును చెప్పెడి సలహా ఒక్కటే: "గ్రాఫిక్స్ కార్డు మార్చుండ్రి, అంతా మంచిగైతది." కరీంనగరములో పెండ్లి వీడియోలు కూర్చెడి మిక్సింగు దుకాణములు, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్ పట్టణములలోని ఫ్లెక్సీ, ఆల్బము పనివారు, కోరుట్ల మొదలు ఆసిఫాబాదు వరకు గల విద్యార్థులు, వీరందరికిని కంప్యూటరు నేడు పనిముట్టు. జగిత్యాల జిల్లా మల్యాల మండలములోని లంబాడిపల్లి వంటి చిన్న గ్రామమునుండి 2012లో మొదలైన 'మై విలేజ్ షో' చిత్రములును, వానిలో నటించిన గంగవ్వగారును దేశదేశముల తెలుగువారికి పరిచితులైన కాలమిది. కావున కార్డు ప్రశ్నను పిల్లల ఆటలకు సంబంధించిన విలాసముగా తీసివేయుటకు వీలులేదు. పైని చెప్పిన సలహా కొందరి విషయమున నిజము. పెక్కుమంది విషయమున చేతి సొమ్మును వదిలించుకొను మార్గము.

మన ప్రాంతమున ఈ నిర్ణయమునకు మరియొక బరువు కూడ కలదు. నాలుగు రకములు చూచి ఎంచుకొనవలెనన్నచో మనవారు సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోవుదురు. కరీంనగరమునుండి అది సుమారు 160 కిలోమీటర్లు. ఆదిలాబాదునుండి సుమారు 300. తెచ్చిన కార్డు డబ్బాలో పట్టకున్నను, పట్టియు పనిచేయకున్నను, పనిచేసియు వేగము పెరుగకున్నను, మరల అంత దూరము పోవలెను. సీలు విప్పిన వస్తువును అంగడివారు తిరిగి పుచ్చుకొందురన్న నమ్మకము లేదు. బస్సు ఎక్కుటకు ముందే, ఇంటివద్దనే, పైసా వ్యయము లేకుండ చేసికొనదగిన పరీక్షలు కొన్ని కలవు. వానిని గూర్చియే ముఖ్యముగా చెప్పదలచితిమి.

ముందు ఈ కార్డు చేయు పనియేమో చూతము. తెరమీద మనము చూచు చిత్రము చుక్కల కూర్పు. నేడు సర్వసాధారణమైన తెరలో అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుండును, మొత్తము 20,73,600. ప్రతి చుక్కకును రంగు నిర్ణయింపవలెను; అదియు సెకనుకు 60 పర్యాయములు. ఆదిలాబాదు పత్తిచేనును ఊహించుకొనుడు. మేస్త్రి ఎంత నేర్పరియైనను ఇరువది లక్షల కాయల పత్తిని ఒంటరిగా ఏరలేడు. పని కఠినమైనది కాదు, చేతులు కావలెను. కంప్యూటరులోని ప్రాసెసరు మేస్త్రి వంటిది: అందులో ఆరో ఎనిమిదో కోర్లుండును, ఒక్కొక్కటియు మిక్కిలి తెలివిగలది. గ్రాఫిక్స్ కార్డు కూలీల దండు. 2021లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 3060 అను కార్డులో 3,584 చిన్న కోర్లు కలవు. 1999లో ఎన్విడియా సంస్థ 'జిఫోర్స్ 256'ను విడుదల చేయుచు జి.పి.యు. అను పేరును ప్రచారములోనికి తెచ్చిన నాటినుండి ఈ దండు పెరుగుచునే యున్నది. ఇక కార్డుమీది మెమరీ చేనిగట్టున పరచిన గోనె బోరెముల వంటిది. ఏరిన పత్తి అందులో పట్టినంతవరకు పని సాగును. అవి నిండినచో ప్రతి మూటను మోసికొని ఇంటిదాక నడువవలెను. ఆ నడక దారియే మదర్‌బోర్డులోని పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ స్లాటు.

ఈ పోలికనుండి మొదటి నియమము తనంత తానే వచ్చును. మేస్త్రి సాళ్లు చూపుటలో ఆలస్యము చేసినచో, ఇంకొక నూరుమంది కూలీలను పిలిపించినను వారు గట్టున కూర్చుండవలసినదే. అనగా ప్రాసెసరు పాతబడి వెనుకబడియున్నచో కొత్త కార్డు దానికొరకు ఎదురుచూచుచు కాలము గడుపును. మన యంత్రములో ఆలస్యము చేయుచున్నది మేస్త్రియా, కూలీలా? దీనిని కనుగొనుటకు ఎవరి సహాయమును అక్కరలేదు. కంట్రోల్, షిఫ్టు, ఎస్కేప్ మీటలను ఒక్కసారిగా నొక్కినచో టాస్క్ మేనేజరు తెరచుకొనును. 2017 చివరినుండి వచ్చిన విండోస్ సంస్కరణలలో, అందలి పర్ఫార్మెన్స్ పుటలో, ప్రాసెసరుతోపాటు జి.పి.యు. వాడుక కూడ కనబడును. మందగించు పనినే, అది ఆటయైనను వీడియోయైనను, పది నిమిషములు నడిపి ఆ పుటను గమనింపవలెను. జి.పి.యు. నూటికి 95 దాటి నిలిచియున్నచో కార్డే చాలుటలేదని అర్థము. అది 40, 50 దగ్గర కునుకుచుండగా ప్రాసెసరులోని ఏదో ఒక కోరు నిండుగా మండుచున్నచో తప్పు కార్డుది కాదు. మొత్తము ప్రాసెసరు లెక్కను మాత్రమే చూచి మోసపోరాదు. ఆరు కోర్లలో ఒక్కటి మాత్రమే నిండినచో మొత్తము లెక్క నూటికి 17 మాత్రమే చూపును. ఆ చిత్రముమీద కుడి మీట నొక్కి కోర్లను విడివిడిగా చూపునట్లు మార్చుకొనవలెను.

అదే పుటలో మెమరీయు, డిస్కును కనబడును. 8 జి.బి. ర్యామ్ నిండిపోయి డిస్కు నూటికి నూరు చూపుచున్నయెడల రోగము మరియొకచోట నున్నది. తిరుగుడు హార్డ్ డిస్కు స్థానమున ఎస్.ఎస్.డి. వేసిన దానివలన కలుగు మార్పు సాధారణ గృహోపయోగమున ఏ గ్రాఫిక్స్ కార్డును ఇయ్యజాలదు. ప్రత్యేక కార్డు లేక ప్రాసెసరులోని చిత్రభాగముతోనే నడుచు యంత్రములలో ఇంకొక చిన్న రహస్యము కలదు. ఆ చిత్రభాగమునకు తన సొంత మెమరీ లేదు, ర్యామునే పంచుకొనును. ఒకే 8 జి.బి. కడ్డీ యున్నచోట దానికి జతగా అట్టిదే రెండవ కడ్డీ వేసినచో దారి ఒకటి రెండగును. చిత్రవేగము స్పష్టముగా పెరుగును. 2025 చివరి నెలలలో ర్యాము ధరలు లోకమంతట పెరిగిన మాట నిజమే. అయినను కార్డు ధరతో పోల్చి చూచినపిమ్మటనే ముందుకు పోవుట మంచిది.

తెర విషయము క్లుప్తముగా చెప్పుదుము. పాత 1366, 768 తెరలో చుక్కలు పదిలక్షల పైచిల్లర మాత్రమే. 3840, 2160 తెరలో 82,94,400. అనగా దాదాపు ఎనిమిది రెట్లు. చిన్న తెరకు పెద్ద కార్డు కొనుట చెంబుడు నీళ్లకు మోటారు బిగించుట వంటిది. సెకనుకు 60 పర్యాయములు మాత్రమే మారెడి తెరమీద కార్డు 140 చిత్రములు గీసినను కంటికి అందునవి అరువదియే.

ఇక వృత్తుల వంతు. డి.టి.పి. దుకాణమువారిని గూర్చి ఒక్క మాట చాలును. శుభలేఖలు, కరపత్రములు, ప్రశ్నపత్రములు నేటికిని పెక్కుచోట్ల 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7లో అను ఫాంట్లతోనే కూర్చబడుచున్నవి. ఆ పనికి ప్రత్యేక కార్డు అవసరమే లేదు. అక్షరములు సరిగా కనబడకున్న కార్డు మార్చవలెనని కొందరనుకొందురు, అదియు భ్రమయే. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున దొరికిన వ్రాతప్రతుల గోండీ లిపికి 2018లో యూనికోడ్ 11వ సంస్కరణమున స్థానము లభించినది. ఆ లిపి కొన్ని యంత్రములలో ఖాళీ చదరములుగా కనబడుటకు కారణము తగిన ఫాంటు లేకపోవుటయే. ఉచితముగా దొరకు ఫాంటును దింపుకొన్నచో అతి సామాన్యమైన యంత్రము కూడ దానిని చక్కగా చూపును. ఆల్బము పనివారు వాడు ఫోటోషాప్ కార్డును కొంత వాడుకొనునుగాని, దానికి ముందు కావలసినది ర్యాము, 4 జి.బి. గల సామాన్యమైన కార్డుతో ఆ పని తృప్తిగా సాగును.

మిక్సింగు దుకాణముల సంగతి వేరు. ఇచటనే సొమ్ము ఎక్కువగా వ్యర్థమగుచున్నది. మాఘ ఫాల్గుణములలోను, వైశాఖమునను వరుసగా ముహూర్తములు పడును. మూఢము వచ్చులోపల చేతిలోని పెండ్లిండ్లను ముగించి ఇయ్యకున్న దుకాణదారుకు మాట పోవును, బాకీ నిలిచిపోవును. అట్టి తొందరలో "కార్డు మార్చుండ్రి" అన్న సలహా చెవికి ఇంపుగా నుండును. కాని వీడియో పనిలో భారము మూడు విధములు. కెమెరా కుదించి పెట్టిన చిత్రమును విప్పుట మొదటిది. రంగులు దిద్దుట, మెరుపులు, మార్పులు చేర్చుట రెండవది. తుదకు మరల కుదించి ఫైలుగా వ్రాయుట మూడవది. విప్పుటయు కుదించుటయు కార్డులోని వేలాది కోర్లు చేయు పని కాదు. దానికై వేరుగా ఒక చిన్న భాగముండును. ఇంటెల్ ప్రాసెసర్లలోని చిత్రభాగమునకు అంటియున్న అట్టి యంత్రాంగమునకు క్విక్ సింక్ అని పేరు.

ఇచట పెక్కుమంది వాడుచున్న ఎడియస్ సాఫ్ట్‌వేరు ఏండ్ల తరబడి ఈ క్విక్ సింక్‌ను ఆధారము చేసికొని పెరిగినది. కావున ఎడియస్‌తో పనిచేయువారికి కార్డుకంటె ప్రాసెసరు ఎంపిక ముఖ్యము. ప్రాసెసరు పేరు తుద 'ఎఫ్' అను అక్షరమున్నచో, ఉదాహరణకు ఐ5 12400 ఎఫ్, అందులో చిత్రభాగము లేదు. క్విక్ సింక్ కూడ లేదు. కొద్ది రూపాయల ఆదాకొరకు ఎఫ్ రకమును కొని, పిదప ఆ లోటు తీర్చుకొనుటకు పెద్ద కార్డు కొనువారిని చూచినప్పుడు మాకు విచారము కలుగును.

మరియొక చిక్కు కలదు. క్విక్ సింక్ గల యంత్రములో కొత్తగా కార్డు బిగించినప్పుడు కొన్ని మదర్‌బోర్డులు ప్రాసెసరులోని చిత్రభాగమును నిద్రపుచ్చును. అప్పుడు కార్డు వేసిన పిమ్మట వీడియో మునుపటికంటె మందగించును! దుకాణదారు కార్డును నిందించును. అమ్మినవాడు సాఫ్ట్‌వేరును నిందించును. నిజమునకు బయాస్‌లోనికి పోయి లోపలి చిత్రభాగమును మరల మేల్కొలిపిన చాలును.

కెమెరా మార్చినవారికి ఇంకొకటి. 2021లో వచ్చిన సోనీ ఏ7 నాలుగవ తరము వంటి కెమెరాలు హెచ్. 265 పద్ధతిలో 10 బిట్లు, 4:2:2 అను రంగుల వివరముతో చిత్రించును. వాని ఫైళ్లు పాత యంత్రములో అడుగడుగున ఆగును. ఆ రకమును నేరుగా విప్పు శక్తి ఇంటెల్ బల్ల కంప్యూటర్లలో 11వ తరమునుండి క్విక్ సింక్‌కు కలదు. ఎన్విడియా కార్డులలో 2025లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 50 వరుసకు మాత్రమే కలదు. అనగా ఖరీదైన 40 వరుస కార్డుకు చేతగాని విద్య సామాన్యమైన ఐ5 12400కు చేతనగును. సాఫ్ట్‌వేరు కూడ దానిని వాడుకొనునదై యుండవలెను సుమా. టాస్క్ మేనేజరులో జి.పి.యు. పుటయందే 'వీడియో డీకోడ్' అను వేరు చిత్రము కనబడును. ఫైలు నడుచునప్పుడు అది కదలకుండ, ప్రాసెసరు మాత్రమే నిండుచున్నచో, విప్పు భారమంతయు మేస్త్రి నెత్తిన పడినదని తెలిసికొనవచ్చును.

డావిన్చి రిజాల్వ్‌లో రంగులు దిద్దువారి మాట దీనికి విరుద్ధము. ఆ సాఫ్ట్‌వేరు కార్డు భుజములమీదనే నడుచును. 4కె చిత్రములమీద మచ్చలు తీయుట, రంగు పొరలు పెట్టుట మొదలగు పనులకు 8 జి.బి.కి తక్కువగాని మెమరీ గల కార్డు కావలెను. అట్టివారు కార్డు కొనుట న్యాయమే. యంత్రములోనే కృత్రిమ మేధా నమూనాలను నడిపి చూడగోరు ఇంజనీరింగు విద్యార్థులకు కూడ వేగముకంటె మెమరీ ముఖ్యము. 12 జి.బి. గల ఆర్.టి.ఎక్స్. 3060 వయసు మీరినను వారి దృష్టిలో విలువ కోల్పోకుండుటకు ఇదియే హేతువు. నేర్చుకొను దశలో నున్నవారు మాత్రము ఇంటర్నెట్టు ద్వారా ఉచితముగా దొరకు యంత్రసమయముతో కొన్ని మాసములు గడిపి, అది చాలని నాడు కొనుట మేలని మా అభిప్రాయము. ఆటలవారికి పెద్ద బోధ అక్కరలేదు. 2020లో వచ్చిన వాలొరాంట్ వంటి ఆటకు చిన్న కార్డే ఎక్కువ. కొత్త భారీ ఆటలకు పెద్దదియు చాలదు.

కొనుటకు నిశ్చయించినవారు పేర్లను చూచి మురియరాదు. ఒకే పేరుతో రెండు వస్తువులు చెలామణి యగుట ఈ వర్తకమున కొత్త కాదు. జి.టి. 1030 అను చిన్న కార్డు 2017లో జి.డి.డి.ఆర్. 5 మెమరీతో వచ్చినది. మరుసటి యేడు అదే పేరుతో డి.డి.ఆర్. 4 మెమరీతో మరియొకటి వచ్చినది. మొదటి దానిలో సెకనుకు 48 జి.బి. సమాచారము నడువగా, రెండవ దానిలో 17 జి.బి. కూడ నడువదు. అట్టె ఆర్.ఎక్స్. 580లో 2,304 కోర్లుండగా, 2018లో చీనాలో వెలువడిన '2048 ఎస్.పి.' అను రకములో ఆ తోకసంఖ్య చెప్పునన్నియే యుండును. 2022 నాటి ఆర్.ఎక్స్. 6500 ఎక్స్.టి. కార్డుకు దారులు నాలుగే. దానిని పాత పి.సి.ఐ. 3 బోర్డులో పెట్టినచో ఆ నాలుగు దారుల రాకపోకలు కూడ సగమగును. పైగా అందులో వీడియోను కుదించు భాగమే లేదు. మిక్సింగువారికి అది పనికిరాదు.

డబ్బాను విప్పి చూడకుండ ఏ కార్డును కొనరాదు. కార్యాలయములు వాడి అమ్మివేసిన సన్నని డెల్, హెచ్.పి. డబ్బాలు మన పట్టణములలో పెక్కు కలవు. వానిలో సగము ఎత్తు గల కార్డు మాత్రమే పట్టును; లోపలి ఎస్.ఎం.పి.ఎస్. శక్తియు స్వల్పము. ఆర్.ఎక్స్. 6400 వంటి 53 వాట్ల కార్డు, లేదా స్లాటునుండియే 75 వాట్లు తీసికొని నడుచు జి.టి.ఎక్స్. 1650లో పొట్టిరకము, ఇంతకు మించి అచట ఆశింపరాదు. పెద్ద డబ్బాగలవారు కూడ ఎస్.ఎం.పి.ఎస్. ప్రక్కనున్న కాగితమును చదువవలెను. పైన '450' అని పెద్ద అంకెలుండవచ్చును. కాని కార్డు ఆధారపడునది 12 వోల్టుల తీగమీద. ఆ గడిలో 18 ఆంపియర్లని యున్నచో 12ను 18తో హెచ్చింపగా వచ్చునది 216 వాట్లు. ప్రాసెసరును, 170 వాట్ల ఆర్.టి.ఎక్స్. 3060ను దానిమీద కట్టుట ఒంటెద్దు బండిపై రెండు పుట్ల ధాన్యమెత్తుట. ఆ కార్డునకు తయారీదారు కోరునది 550 వాట్ల సరఫరా. కావున మంచి ఎస్.ఎం.పి.ఎస్. ధరను కూడ కార్డు ధరలోనే కలిపి చూచుకొనవలెను. ఇంటనున్న 600 వి.ఎ. యూ.పి.ఎస్. సాధారణముగా మోయగలది 360 వాట్లని మరువరాదు. కరెంటు పోయినప్పుడు ఫైలు భద్రపరచుకొనుటకు పెట్టుకొన్న పెట్టె ఆ క్షణముననే చేతులెత్తివేసినచో దానివలన ఫలమేమి?

ఎండల సంగతి మన జిల్లాలవారు తప్పక ఆలోచింపవలసినది. కార్డులోని చిప్పు వేడి గది వేడిమీద ఆధారపడును. గదికంటె 45 డిగ్రీలు ఎక్కువగా వేడెక్కు కార్డును తీసికొందము. ఆదిలాబాదులో పుష్యమాసపు రాత్రి, గది 20 డిగ్రీలున్నప్పుడు, అది 65 దగ్గర హాయిగా నడుచును. ఏప్రిల్, మే మాసములలో బయట 45 డిగ్రీలుండి, రేకుల కప్పుగల గదిలో 42 ఉన్నప్పుడు అదే కార్డు 87కు చేరవలెను. పెక్కు ఎన్విడియా కార్డులు 83 డిగ్రీల ప్రాంతముననే తమ వేగమును తామే తగ్గించుకొనును. సికిందరాబాదు అంగడిలో చల్లని గదియందు చూపిన వేగము రామగుండములో, మంచిర్యాలలో వేసవి మధ్యాహ్నమున దొరకకపోవుటకు ఇదియే కారణము. దీనికి తోడు దుమ్ము. జిన్నింగు మిల్లుల దగ్గరి ఇండ్లలో పత్తినూగు కార్డు రెక్కల నడుమ పరుపువలె పరచుకొనును. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతములలో సన్నని బొగ్గుపొడి చేరును. అదియు చెడ్డదే. పాత కార్డును విప్పి, మెత్తని కుంచెతో తుడిచి, చిప్పుమీద ఎండిన పేస్టును మార్పించి చూచుట కొనుటకు ముందు చేయవలసిన పని. ఎండాకాలమున మాత్రమే మందగించు యంత్రమునకు ఇంతమాత్రపు సేవతోనే ప్రాణము లేచివచ్చుట కలదు. కూలరు గాలి నేరుగా డబ్బామీద తగులునట్లు పెట్టువారు కొందరు కలరు. ఆ తేమ లోహపు ముక్కలకు మంచిది కాదు.

కరెంటు లెక్క చూతము. 170 వాట్ల కార్డు దినమునకు నాలుగు గంటలు నిండుగా నడిచినచో నెలకు 20 యూనిట్ల పైన వ్యయమగును. 115 వాట్ల ఆర్.టి.ఎక్స్. 4060 అయినచో 14. 75 వాట్లదియైనచో 9. రామగుండము ఎన్.టి.పి.సి. కేంద్రమున 1983లో మొదటి యూనిటు నడిచిన నాటినుండి మన ముంగిటనే విద్యుత్తు పుట్టుచున్నను బిల్లు మనకు తప్పలేదు కదా! ఇరువది యూనిట్లు పెద్ద మొత్తము కాదని తోచవచ్చును. కాని 2024 మార్చినుండి గృహజ్యోతి పథకము క్రింద అర్హతగల కుటుంబములకు నెలకు 200 యూనిట్లవరకు బిల్లు లేదు. ఆ హద్దు దాటిన నెలలో మొత్తము బిల్లు చెల్లింపవలెను. వేసవిలో కూలరుతో 185 యూనిట్లు కాల్చు ఇంటిలో ఈ కార్డు చేరినచో 205 అగును. అప్పుడు ఆ ఇల్లు చెల్లించునది ఇరువది యూనిట్ల ధర కాదు, రెండువందల అయిదింటి ధర. ఇట్టి ఇండ్లలో కొంత వేగము తగ్గినను తక్కువ వాట్ల కార్డే ఇల్లాలి లెక్కకు అనుకూలము.

వాడిన కార్డులు చవుకగా దొరకును. 2022 సెప్టెంబరు 15న ఇథీరియమ్ అను డిజిటల్ నాణెము తన పద్ధతిని మార్చుకొనుటతో, అంతవరకు దానికై రేయింబవళ్లు నడిచిన కార్డులు లోకమంతట అంగళ్లలోనికి వచ్చినవి. అట్టి కార్డులన్నియు చెడిపోయినవని చెప్పుట అన్యాయము. ఫ్యానులు అరిగియుండుట మాత్రము సహజము. కొనువారు అమ్మువాని ఎదుటనే ఇరువది నిమిషములు భారము మోపి నడిపించి, తెరమీద రంగుచుక్కలు లేచుచున్నవా, ఫ్యాను గురకపెట్టుచున్నదా గమనింపవలెను. పాత కార్డుకు కొత్త కార్డు పేరును వ్రాసి అమ్ము మోసగాండ్రును కలరు, జి.పి.యు.-జెడ్ అను ఉచిత సాఫ్ట్‌వేరు 2018నుండి అట్టి ఎన్విడియా నకిలీలను పసిగట్టి చూపుచున్నది. దానిని పెన్‌డ్రైవులో వేసికొని పోవుట మేలు. మరియొక సంగతి: జి.టి.ఎక్స్. 1050 టి.ఐ., 1060 మొదలగు పాత వరుసలకు ఎన్విడియా కొత్త ఆటల డ్రైవర్లను 2025 అక్టోబరుతో నిలిపినది. భద్రతా సవరణలు మాత్రము 2028 అక్టోబరువరకు ఇచ్చెదమని ప్రకటించినది. పెండ్లి వీడియోలకు దీనివలన తక్షణ నష్టము లేదు. కొత్త ఆటలకై కొనువారు మాత్రము వానిని విడుచుట మంచిది.

ఒక్కొక్కచోట కార్డు ప్రశ్నయే పుట్టరాదు. విండోస్ 10కు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 11 ఇంటెల్‌లో 8వ తరమునకు ముందరి ప్రాసెసర్లను అంగీకరింపదు. నాలుగవ తరపు ఐ5 మీద ఎంత గొప్ప కార్డు పెట్టినను ఆ తలుపు తెరచుకొనదు. అట్టి యంత్రముగలవారు కార్డు సొమ్మును దాచి, మరికొంత చేర్చి, యంత్రమునే మార్చుకొనవలెనని మేము నిస్సంకోచముగా చెప్పుదుము. ఎనిమిది, తొమ్మిది తరములకు పైబడినవై, టాస్క్ మేనేజరులో కార్డు నిండుచు ప్రాసెసరు ఖాళీగా నుండి, ఎస్.ఎం.పి.ఎస్. సరిపడి, చేయు పని కార్డును నిజముగా వాడుకొనునదైనప్పుడు కొనుట ఉచితము. అప్పుడు కూడ పాతదానికి రెట్టింపు వేగమైనను రానిచో కొనుట దండుగ. సెకనుకు 30 చిత్రములు 36 అయినచో కన్ను గ్రహింపదు; 60 అయినచో పసిబాలుడు కూడ గ్రహించును. ఈ వేగములను ఒకే ఆటలో, ఒకే తెర పరిమాణమున కొలిచి చూపినవారి పరీక్షలతో పోల్చుకొనవలెను. డబ్బామీద అచ్చువేసిన పొగడ్తలతో కాదు.

కొనునప్పుడు నూటికి 18 వంతుల జి.ఎస్.టి. తో కూడిన బిల్లును పట్టుబట్టి తీసికొనవలెను. బిల్లు లేకున్న తగ్గించెదమను మాటకు లొంగినచో గ్యారంటీ కాగితము చిత్తుకాగితమగును. కార్డుమీది నంబరును బిల్లుమీద వ్రాయించుకొని, అట్టపెట్టెను అటుకమీద భద్రపరచుడు. చెడినప్పుడు దానిలోనే పంపవలసి వచ్చును. ఇంటికి వచ్చినపిమ్మట పాత డ్రైవరును తీసివేసి, ప్లగ్గు ఊడబెరికి, డబ్బా ఇనుమును ఒకసారి చేతితో తాకి, స్లాటులో 'టక్కు'మను వరకు కార్డును అదుముడు. అదనపు విద్యుత్తు తీగను మరువకుడు. తుదకు తెరనుండి వచ్చు హెచ్.డి.ఎం.ఐ. తీగను మదర్‌బోర్డు రంధ్రములో కాక, దానికి దిగువనున్న కొత్త కార్డు రంధ్రములోనే పెట్టవలెను. వేలు పోసి కొన్న కార్డు డబ్బాలో ఊరక కూర్చుండగా, ప్రాసెసరులోని చిన్న చిత్రభాగమే ఏడాదిపాటు పని యంతయు లాగుకొనివచ్చిన ఇండ్లును కలవు.